నారాయణమ్మ చుట్టిన గాజుదారం

మదనపల్లె: మగ్గాల వీధి

నేను మదనపల్లె మీదుగా కుప్పం వెళ్లింది ఊళ్లు చూడటానికి కాదు, వెలుగును కాస్త ఆలస్యంగా నడిపించడానికి. ఈ మాట చెబితే మా పక్కింటావిడ "అక్కడ అలాంటి పూజలు చేయిస్తారా?" అని అడిగింది. కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అప్పటికీ ఆవిడ నమ్మినట్టు లేదు.

సంగతేమిటంటే, నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మన ఇళ్లకు వచ్చే ఇంటర్నెట్ తీగ లోపల ఉండేది తల వెంట్రుకంత సన్నటి గాజుదారం. అందులో వెలుగు పరుగెడుతుంది, మన మాటలూ బొమ్మలూ ఆ వెలుగులోనే వెళతాయి. గాజులోకి దిగగానే వెలుగు కొంత నెమ్మదిస్తుందన్నది బడిపిల్లలకు చెప్పే పాఠమే. నేను చేయాలనుకున్నది అంతకంటే ఎక్కువ. మనకు కావలసినప్పుడు దాన్ని ఇంకాస్త వెనక్కి లాగాలి. ఎందుకంటే రెండు కబుర్లు ఒకే కూడలికి ఒకేసారి వస్తే ఒకదాన్ని కాసేపు ఆపాలి. వెలుగు ఆగదు కాబట్టి ఇప్పుడు దాన్ని కరెంటుగా మార్చి, ఆపి, మళ్లీ వెలుగుగా మార్చి పంపుతున్నారు. వెలుగును వెలుగుగానే ఉంచి ఆలస్యం చేయగలిగితే ఈ తిప్పలు తప్పుతాయి. పెద్ద పెద్ద ల్యాబుల్లో దీన్ని చేసి చూపించారు. మా కాలేజీలో మెట్ల కింద గదిలో నేను మూడేళ్లుగా చేస్తున్నాను గాని, ఎవరికీ చూపించగలిగేలా రాలేదు.

ఆ మెట్ల కింద గదే అసలు గొడవ. దాన్ని పక్కనున్న కంప్యూటర్ల గదిలో కలిపేద్దామని మా ప్రిన్సిపాల్‌గారు ఎప్పటినుంచో అంటున్నారు. చెడ్డమనిషి కాదు, ఆయన మీద ఒత్తిళ్లు ఆయనకున్నాయి. "ఈ సెలవుల్లోగా ఏదో ఒకటి చూపించండి వాణిగారూ. లేదంటే తాళం ఇచ్చేయండి" అన్నారు. ఆ గది పోతే నా పని పోయినట్టే. ఇంట్లో పెట్టుకుని చేసేది కాదది.

కుప్పంలో ఒక కాలేజీలో మురళి అని నా ఎమ్మెస్సీ క్లాస్‌మేట్ ఉన్నాడు. వాడి దగ్గర మా కాలేజీ కొనలేని మంచి కొలత యంత్రం ఉంది. "సామాను తెచ్చుకో, ఒకరోజు నీకు వదిలేస్తా" అన్నాడు. లేజర్లను ముందే కొరియర్లో పంపించాను. గాజుదారం రీలును మాత్రం పరాయి చేతుల్లో పెట్టడానికి మనసొప్పలేదు. కిలోమీటరు పైచిలుకు దారం. నేనే కూర్చుని చేత్తో చుట్టాను. నా లేజర్లన్నీ దానికే శ్రుతి చేసి ఉన్నాయి. ఇంకో రీలు తెచ్చి పెట్టుకుంటే మళ్లీ మొదటినుంచీ మొదలు. అందుకని దాన్ని అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

ఒళ్లో ఉంటే భద్రం అనుకున్నాను. వాల్మీకిపురం దాటాక కునుకు పట్టింది. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చిందట, డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. కళ్లు తెరిచేసరికి పెట్టె ముందు సీటు కింద బోర్లాపడి ఉంది. పక్కనాయన "ఏమీ కాలేదులే తల్లీ, గుడ్లేమన్నా ఉన్నాయా అందులో?" అన్నాడు. గుడ్లయినా బాగుండేది. పెట్టె తెరిచి చూసే ధైర్యం నాకు బస్సులో లేకపోయింది.

మదనపల్లెలో బస్సు దిగగానే చెవిన పడేది టమాటా రేటు. మా ఊళ్లో ఎండల గురించి మాట్లాడుకున్నట్టు ఇక్కడ టమాటా రేటు గురించి మాట్లాడుకుంటారు. టీకొట్టు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటే మూడోవాడు ఎవరో కూడా తెలియకుండానే వచ్చి కలుస్తాడు. నన్ను కూడా "మీ పక్క ఎట్ల పోతాండాది మేడం?" అని అడిగారు. నేను చెప్పిన ధర విని ఆ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నిట్టూర్చారు.

నేను దిగింది మగ్గాల వీధిలో, సుజాత పుట్టింట్లో. సుజాత మా కాలేజీలో బోటనీ చెబుతుంది. "మా అమ్మ ఉండగా హోటల్లో దిగితే ఊరుకోను" అని మరీ పంపింది. ఆ అమ్మ పేరు నారాయణమ్మ. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. కొడుకూ కోడలూ ముందుగదిలో పట్టుచీరలు నేస్తారు. ఈవిడ వెనక వసారాలో కూర్చుని పట్టునూలు చుడుతుంది. చుట్టడానికి చిన్న మోటారు పెట్టుకున్నారు గాని, దారం ఆవిడ రెండు వేళ్ల మధ్యనుంచి పోవలసిందే. మనతో మాట్లాడుతున్నా, టీవీ చూస్తున్నా ఆ వేళ్లు అక్కడే ఉంటాయి.

రాత్రి భోజనానికి రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ, వంకాయ పులుసు. చెనిక్కాయలంటే మన వేరుసెనగలే. నేను సంగటిని అన్నంలాగా నమలబోయాను. అది పళ్లకు అతుక్కుని కూర్చుంది. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నమిలితే యాడ దిగుతాది తల్లీ, మింగల్ల" అంది నారాయణమ్మ. ముద్దను పులుసులో ఎట్లా దొర్లించాలో, ఎట్లా జార్చాలో తన కంచంలో చేసి చూపించింది. మూడో ముద్దకు నాకూ చేతనైంది. కారం మాత్రం, గుంటూరు మనిషిని కదా, తక్కువే అనిపించింది. ఆ మాట అంటే ఇంకో రెండు పచ్చిమిరపకాయలు తెచ్చి కంచంలో పడేశారు.

భోజనాలయ్యాక పెట్టె విప్పాను. అనుకున్నంతా అయింది. రీలు అంచుమీదుగా దారం వరసలు వరసలుగా జారిపోయి, చెదిరిన జడలా ఉంది.

"ఇది యాల ఇట్లయింది?" ఎందుకిట్లా అయిందన్నట్టు నారాయణమ్మ వంగి చూసింది. "ఏమి నూలు ఇది? నైలానా?"

"గాజమ్మా."

"గాజా! గాజు యాడన్నా వంగుతాదా?" అని వేలితో తాకి చూసింది.

ఇప్పుడు నేను సర్దబోతే ఇంకా చిక్కుపడుతుందని, కుప్పంలో మురళి సాయంతో చూసుకుంటానని చెప్పాను. చెప్తూ చెప్తూ గది సంగతి, తాళం సంగతి, మూడేళ్ల సంగతి అన్నీ కక్కేశాను. "ఇది పాడైతే నా కొంప మునిగినట్టే అమ్మా" అని కూడా అన్నాను. ఆవిడ అన్నీ విని, "పండుకో తల్లీ. ప్రయాణం చేసి వచ్చుండావు" అంది.

పుంగనూరు: మెలిక

పొద్దున్నే బయల్దేరేసరికి నారాయణమ్మ కూడా చేతిసంచితో సిద్ధంగా ఉంది. కుప్పంలో ఆవిడ చెల్లెలు ఉందట, చాన్నాళ్లయింది చూసి, నాతోపాటే వస్తానంది. నా అట్టపెట్టెకు చుట్టూ చీర అంచు పేలిక ఒకటి బిగించి కట్టి ఉంది. మళ్లీ పడినా మూత తెరుచుకోకుండా కట్టిందేమో, ఎంత మంచి మనిషి అనుకున్నాను.

బస్సులో ఆవిడకు వెలుగు సంగతి చెప్పాను. దారంలో ఈ చివరినుంచి ఒక చిన్న వెలుగు మిణుకు పంపిస్తాం, ఆ చివరినుంచి ఎదురుగా ఇంకో వెలుగు పంపిస్తాం. రెండూ కలిసినచోట గాజు సన్నగా వణుకుతుంది. ఆ వణుకులో చిక్కుకుని మొదటి వెలుగు కాస్త ఆలస్యంగా బయటికి వస్తుంది.

"అంటే పెండ్లికి పోతాంటే దావలో ఎదురుగా సుట్టం తగిలినట్ల" అందావిడ. "మాట్లాడకుండా పోతే బాగుండదు. మాట్లాడితే ముహూర్తం తప్పుతాది."

నా విద్యార్థులకు నేను ఏనాడూ ఇంత సులువుగా చెప్పలేదు. ఇకమీదట ఇదే చెబుతానని ఆవిడకు మాటిచ్చాను.

పుంగనూరులో బస్సు ఆగిపోయింది. ఇంజను వేడెక్కింది, ఇంకో బస్సు వచ్చేదాకా ఆగమని కండక్టరు అందరినీ దింపేశాడు. సరే, పుంగనూరు పొట్టి ఆవును చూద్దామనుకున్నాను. మా ఊళ్లో ధనవంతుల ఇళ్లలో అవి హాల్లోకే వచ్చి తిరుగుతాయి, వాటితో ఫొటోలు దిగుతారు. పుంగనూరు బజారులో మాత్రం నాకు ఒక్కటీ కనిపించలేదు. అడిగితే పూలమ్మే ఆవిడ "ఆడాడ సాకుతాండారు గాని, రోడ్డు మింద యాడ కనిపిస్తాయి? కనిపిస్తే మీ పక్కోళ్లు ఎత్తుకోని పోరా?" అని నవ్వింది.

బస్టాండు బల్ల మీద కూర్చుని టీ తాగాక, తీరిక దొరికింది కదా, జారిన దారాన్ని ఒకసారి చూద్దామని పెట్టె విప్పాను.

జారిన దారం లేదు. రీలు మీద దారం వరసలు ఒకదాని పక్కన ఒకటి, గీత గీసినట్టు, ఈ అంచునుంచి ఆ అంచుదాకా చుట్టి ఉన్నాయి. కంపెనీలో చుట్టినది కూడా ఇంత బాగుండటం నేను చూడలేదు. రెండు కొసలనూ కలిపి చిన్న మెలిక వేసి రీలు పక్కన దోపి ఉంది.

నారాయణమ్మ నా ముఖమే చూస్తోంది. "బాగుండాదా?" అంది.

రీలును అటూ ఇటూ తిప్పి చూశాను. "ఎప్పుడు చుట్టారమ్మా?"

"తెల్లారగట్ల లేసినా. నువ్వు మంచి నిద్రలో ఉంటివి. అంతా ఇప్పి పెద్ద చక్రానికి ఎక్కించి, మళ్లా దీనికే చుట్టినా. మా ఇంట్లో చిక్కు నూలు గడప దాటియ్యం తల్లీ. మా అత్త కాలం నుంచి అంతే. అమ్మేది కానీ, ఒకరికి ఇచ్చేది కానీ, చిక్కు తీసినాకనే బయటికి."

ఆవిడ ఎంతో ప్రేమతో చేసిందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ గాజుదారం పట్టునూలు కాదు. గట్టిగా లాగితే లోపల కంటికి కనిపించని చీలిక పడొచ్చు. చిన్న వంపు తిరిగినా వెలుగు అక్కడే పక్కకు కారిపోతుంది. కిలోమీటరు దారాన్ని మోటారు మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పిందీవిడ. ఇక ఇందులో వెలుగు ఆలస్యంగా కాదు, అసలు వస్తుందా అన్నదే సందేహం. గదీ తాళమూ కళ్లముందు మెదిలాయి. కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక టీ గ్లాసును బల్ల మీద గట్టిగా పెట్టాను.

"తప్పు చేసినానా తల్లీ?" అడిగిందావిడ.

"చూద్దాం రండమ్మా" అని లేచాను.

ఏ ఊళ్లోనైనా ఇంటర్నెట్ తీగలు అతికేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర పెన్నులాంటి ఎర్ర లైటు ఉంటుంది. దాన్ని దారం ఒక కొసలో పెడితే, మధ్యలో ఎక్కడ విరిగినా అక్కడ ఎర్రగా వెలుగుతుంది. బజారులో విచారిస్తే రెడ్డెప్ప అనే ఆయన కొట్టు చూపించారు. బొద్దుమీసాల రెడ్డెప్ప అప్పుడే ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతున్నాడు.

"ఉడతలు కొరికితే నేనేమి చేసేదప్పా? ఉడతల్ని ఆఫీసుకు పిలిపించి మాట్లాడల్లనా?" అని ఫోను పెట్టేసి మావైపు తిరిగాడు. "చెప్పండి మేడం, మీకూ నెట్ రాలేదా?"

సంగతి చెప్పాను. ఆయన రీలును చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఎవరు చుట్టినారు దీన్ని?" అన్నాడు. నారాయణమ్మ తలవంచుకుంది. పగటి వెలుగులో ఎర్ర లైటు సరిగా కనపడదని ఆయన షట్టరు సగం దించాడు. మేం ముగ్గురం ఆ చీకట్లో బల్ల చుట్టూ నిలబడ్డాం. రెడ్డెప్ప ఒక కొసలో లైటు పెట్టాడు.

రెండో కొస చీకటిగా ఉంది.

రీలు మొత్తం తిప్పి చూశాం. చుట్టలో ఎక్కడా ఎర్రదనం లేదు. అప్పుడు రెడ్డెప్ప "ఈడ సూడండి మేడం, ఈడ కారిపోతాండాది" అన్నాడు. కొసలు కలిపి వేసిన ఆ చిన్న మెలిక పండుమిరపకాయలా ఎర్రగా వెలుగుతోంది.

"అది నేనేసిందే" అంది నారాయణమ్మ. "కొస తప్పిపోకుండా ఏస్తాం."

నేను విప్పబోయాను. పట్టు దొరకలేదు. "ఉండు" అని ఆవిడే గోటితో మెల్లిగా ఆ మెలికను వదులు చేసి, లాగకుండా, తోసినట్టుగా విప్పింది. నేను రెండో కొసను ఆవిడ అరచేతి మీద ఆనించి పట్టుకున్నాను. నేరుగా కళ్లతో చూడకూడదు దాన్ని. అరచేతి మధ్యలో ఎర్ర చుక్క ఒకటి పడింది. సన్నగా, నిలకడగా.

"వచ్చె! వచ్చె!" అంది నారాయణమ్మ. చెయ్యి కదిలితే చుక్క పోతుందేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది. నాకు ఆవిణ్ని అక్కడే కావలించుకోవాలనిపించింది.

రెడ్డెప్పకు ఏమివ్వాలని అడిగితే ఏమీ వద్దన్నాడు. "మీరు లైటును ఆపేది కనిపెడితే ముందు నాకు చెప్పండి మేడం. నెట్ స్లో అని తిట్టేవాళ్లకు, సైన్సు వాళ్లే ఆపినారని చెప్తా" అన్నాడు.

వి.కోట: పచ్చిపులుసు

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి వి.కోట. ఈ దారిలో భాష నెమ్మదిగా మారుతుంది. బస్సులో నా ముందు సీటు ఆయన ఫోన్లో కన్నడంలో మొదలుపెట్టి, తెలుగులో తిట్టి, తమిళంలో ముగించాడు. మా వైపు ఇంకో భాష మాట్లాడితే గొప్ప. ఇక్కడ అది టికెట్టు అడిగినంత మామూలు. సరిహద్దు దగ్గరివాళ్లకు దారి చెప్పినా, బేరం చేసినా ఎదుటివాడిది ఏ భాషో ముందే తెలిసిపోతుందనుకుంటాను. నేను నోరు తెరవకముందే ఒక కూరగాయల ఆవిడ నాతో "గుంటూరు తెలుగులో" మాట్లాడింది, అంటే "అండీ" అని సాగదీసి.

వి.కోటలో ఒక చిన్న హోటల్లో అన్నం తిన్నాం. పచ్చిపులుసులో ఉల్లిపాయ ముక్కలు, మీద కరకరలాడే అప్పడం. బాగా ఆకలి మీద ఉన్నాను కాబట్టి రుచి గురించి నా మాట నమ్మకండి. నారాయణమ్మ మాత్రం కంచంలో వేళ్లతో అన్నాన్ని కెలుకుతూ కూర్చుంది.

"లైటు వచ్చింది కదమ్మా, తినండి" అన్నాను.

"వచ్చింది సరే. నీకు కావల్సింది వచ్చేది కాదు కదా, నిదానంగా వచ్చేది."

నిజమే, నాలో ఉన్న భయం అదే. దారం విరగలేదు. కానీ నా లేజర్లు శ్రుతి చేసింది నేను చుట్టిన దారానికి. ఈవిడ చుట్టిన దారం సంగతి నాకేం తెలుసు?

"ఆ గది పెద్దదా?" అని అడిగింది కాసేపటికి.

"మెట్ల కింద గది. నిలబడితే తల తగులుతుంది."

"మా పెండ్లయిన కొత్తలో మగ్గం గుంత అంతే ఉండె. వానొస్తే నీళ్లు. అయినా ఆ తావు మనది అంటే పని అట్లట్ల వస్తాది. ఊరికే ఇంట్లో మూలన కూసోని చెయ్యమంటే రాదు." తర్వాత అన్నం తిన్నది, నేను తినమన్నందుకు కాదు, పారేయడం ఇష్టం లేక.

కుప్పం: ఒక రోజు

రాత్రి నారాయణమ్మ చెల్లెలింట్లో పడుకున్నాం. ఆ ఇంట్లో సగం మాటలు తమిళమే. నాకు అర్థం కానివన్నీ నా గురించే అనిపించింది. పొద్దున్నే ఇడ్లీ సాంబారు పెట్టారు. మా వైపు సాంబారు ఇడ్లీ పక్కన ఉంటుంది, ఇక్కడ ఇడ్లీలే సాంబారులో మునిగి ఉంటాయి. చెల్లెలితో ముచ్చట్లాడుతూ ఉండిపోతుందనుకున్న నారాయణమ్మ నాకంటే ముందే గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తా. చుట్టింది నేను కదా."

మురళి వాళ్ల కాలేజీ ఊరి బయట, బండరాళ్ల గుట్టల దగ్గర ఉంది. మురళి లావయ్యాడు, జుట్టు పలచబడింది. "వాణీ, నువ్వు అట్లనే ఉండావే!" అన్నాడు, అది అబద్ధమే. నారాయణమ్మను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి మేం పనిలో పడ్డాం. లేజర్లు బిగించాం, రీలు కలిపాం. కొలత యంత్రం తెర మీద రెండు చిన్న గుట్టలు కనిపిస్తాయి. ఒకటి ఆలస్యం లేని వెలుగు. రెండోది మన దారంలోంచి వచ్చే వెలుగు. ఎదురు లైటు పెంచినప్పుడు రెండోది కుడివైపు జరిగితే ఆలస్యమైనట్టు.

ఎదురు లైటు పెంచాను. రెండో గుట్ట కదల్లేదు.

ఇంకా పెంచాను. కదల్లేదు. మురళి తీగలన్నీ మళ్లీ చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. మధ్యాహ్నం దాటింది. మా ల్యాబులో కనీసం కాస్తయినా, చూసినవాళ్లు ఔనో కాదో అనుకునేంతయినా జరిగేది. ఇప్పుడు అదీ లేదు.

"దారంలో ఏదో పోయినట్లుంది వాణీ" అన్నాడు మురళి మెల్లిగా. తలుపు దగ్గర నారాయణమ్మ వినకూడదని మెల్లిగా అన్నాడు గాని, వినబడింది. ఆవిడ స్టూలు మీద ముడుచుకుపోయింది.

నేను కుర్చీలో కూలబడి రీలు వైపే చూస్తూ ఉండిపోయాను. వరసలు వరసలుగా ఎంత సమంగా ఉంది! అప్పుడు తట్టింది. గాజు వణికే శ్రుతి దాని బిగువును బట్టి ఉంటుంది, వీణ తీగలాగే. నేను చేత్తో చుట్టినప్పుడు ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఒక్కో ముక్క ఒక్కో శ్రుతిలో వణికేది, అందుకే మూడేళ్లుగా ఆలస్యం అంతా చెల్లాచెదురై కనీకనపడనట్టు ఉండేది. నారాయణమ్మ వేళ్ల మధ్యనుంచి పోయిన దారం మొత్తం ఒకే బిగువులో ఉంది. కొత్త బిగువు, కాబట్టి కొత్త శ్రుతి. నేను పాత శ్రుతిలోనే వెతుకుతున్నాను!

"మురళీ, లేజరు శ్రుతి జరుపుదాం. పైకి."

వాడికి సగం అర్థమైంది, సగం కాలేదు. నేను మర ఒక్కో గీత చొప్పున తిప్పుతూ వచ్చాను. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. నా పాత కొలతలన్నీ దాటి చాలా దూరం వచ్చేశాను. ఇక చాలనిపించింది. ఇంకొక్క గీత అనుకుని తిప్పాను.

రెండో గుట్ట కుడివైపు నడిచింది.

వెనక్కి తిప్పితే వెనక్కి వచ్చింది, ముందుకు తిప్పితే మళ్లీ నడిచింది. ఎవరూ ఔనో కాదో అనుకోనక్కర్లేదు. గది అవతలనుంచి చూసినా కనిపిస్తుంది. మురళి "అయ్యో! అయ్యయ్యో!" అని అరిచి, తోటి లెక్చరర్లను పిలుచుకురావడానికి బయటికి పరుగెత్తాడు. నేను బల్లకు ఆనుకుని కింద కూర్చుని ఏడ్చేశాను. ఇంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు. మూడేళ్ల భయం, రెండు రోజుల భయం, పుంగనూరు బస్టాండులో మింగిన కోపం, అన్నీ అందులో కొట్టుకుపోతున్నాయి.

నారాయణమ్మకు తెర కనపడదు. ఆవిడకు కనపడింది మురళి "అయ్యయ్యో" అని పారిపోవడం, నేను కింద కూలబడి ఏడవడం. సరిగ్గా అప్పుడే బల్ల మీద నా ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్‌గారు, ఏమైందో కనుక్కుందామని చేశారు. నేను మా సార్ అంటూ చెయ్యి చాపేలోగా నారాయణమ్మ లేచివచ్చి ఫోన్ ఎత్తేసింది.

"హలో, సారేనా? నేను మదనపల్లె నారాయణమ్మను. తప్పు నాది సార్. ఈ పాప తప్పు ఏమీ లేదు. నూలు చుట్టింది నేను."

ఆయన గొంతు గట్టిది, నాకు వినబడుతూనే ఉంది. "ఏ నూలు? ఎవరండీ మీరు? వాణిగారు లేరా?"

"ఉండాది సార్. ఏడుస్తాండాది. సూడలేకుండా ఉండాను. ఆ గది మాత్రం పీకొద్దండి సార్. మెట్ల కింద గది, తల తగిలే గది, ఎవురికి కావల్ల అది? పని చేసే మనిషికి తావు లేకుండా చేస్తే మీకేమొస్తాది? కంప్యూటర్లు యాడన్నా పెట్టుకోవచ్చు. కావల్సింటే మా ఇంట్లో పెట్టుకోండి, వసారా ఖాళీగా ఉండాది."

ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. ఆవిడ కొంగు పట్టుకుని లాగాను. "వచ్చిందమ్మా."

"ఏమొచ్చె?"

"వెలుగు ఆలస్యంగా వచ్చింది. మీరు చుట్టిన దారంలోనే వచ్చింది. నేను చుట్టినప్పుడు రాలేదు."

ఆవిడ నన్నూ తెరనూ మార్చి మార్చి చూసింది. తర్వాత నా వీపు మీద ఒక్కటి చరిచింది. "మరి యాల ఏడుస్తాండావు, నా పానం తీసేకి?" అంటూ తనూ కళ్లు తుడుచుకుంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఏమీ లేదు సార్. పని అయిపోయిందంట. గది పాపకే ఉండనీండి. ఉంటా." అవతల ఆయన ఏదో అనబోతుండగానే పెట్టేసింది.

మూడేళ్ల నా పని ఫలించిన సంగతి మా ప్రిన్సిపాల్‌గారికి అట్లా తెలిసింది. సాయంత్రం నేను ఫోన్ చేసి శ్రుతి గురించీ బిగువు గురించీ వివరించబోతే ఆయన చెప్పనివ్వలేదు.

"తాళం మీ దగ్గరే ఉంచుకోండి వాణిగారూ" అన్నారు. "ఆవిడకి మాత్రం నా నంబరు ఇవ్వకండి."